పెళ్లివారిని తోట చుట్టూ తిప్పిన మాస్టారు

హైదరాబాదులో మా ఆఫీసు క్యాంటీన్లో పనసపొట్టు కూర ఆవఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు ఆప్టికల్ స్విచ్‌లు గుర్తొస్తాయి. పక్కవాళ్లు జాలిగా చూస్తారు. పాపం, వాళ్లకు సత్తిరాజు మాస్టారు తెలియరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురం ఇంజినీరింగ్ కాలేజీలో ఆయన మాకు ఫైబర్ నెట్‌వర్కులు చెప్పేవారు. "మామూలు స్విచ్‌లో దారి ఖాళీ లేకపోతే సమాచారం ప్యాకెట్లు మెమరీలో కూర్చుంటాయిరా. ఆప్టికల్ స్విచ్‌లో నడిచేది వెలుగు, అది కూర్చోదు. అందుకని ఓ ఫైబర్ చుట్టలోకి తోలి తిప్పుతాం. తిరిగొచ్చేలోపు దారి ఖాళీ అవుద్ది. అర్థమైందా?"

"ఆయ్" అనేవాణ్ణి. ఏమీ వెలిగేది కాదు. ఆ స్విచ్‌లాగే నాకూ మెమరీ లేదు.

ఆ రోజుల్లోనే రాజోలులో మా అక్క పెళ్లి. మగపెళ్లివారు రావడానికి ఇంకా గంట పడుతుందని, బాబాయి ఊళ్లోవాళ్లను భోజనాల మొదటి బంతికి కూర్చోబెట్టేశాడు. అప్పుడే వాళ్ల బస్సు వచ్చి ఆగింది. తినేవాళ్ల వెనక నిలబడి విస్తరి కోసం కాచుకోవడం మగపెళ్లివారికి జరగకూడని అవమానం. పెళ్లికొడుకు పెదనాన్న బస్సు మెట్టు మీదే ఆగిపోయారు.

"మేం నిలబడమండి. డ్రైవరూ, బండి తిప్పు!"

పెళ్లికొడుకు కూడా ఆ బండిలోనే ఉన్నాడు.

అక్షింతలు వేయడానికొచ్చిన మాస్టారు ముందుకొచ్చారు. "మీలాంటోళ్లు నిలబడ్డమేంటండీ! తోట చూసొద్దురుగాని రండి, కొబ్బరిబొండాలు దింపించేం" అన్నారు. మా ఇంటి వెనక ఉన్న ఆ తోటను ఆయన అంతకుముందెన్నడూ చూడలేదు.

అందరూ గట్టు వెంట ఒక చుట్టు తిరిగొచ్చేసరికి కొన్ని కుర్చీలే ఖాళీ. వాటిలో కూర్చున్నవాళ్లు కూర్చోగా మిగిలినవాళ్లు రెండో చుట్టుకు కదిలారు. ఈలోగా ఆలస్యంగా బస్సు దిగిన కుర్రాళ్లను నేను బంతికి పంపబోయాను. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఒరేయ్, ఎక్కువ తిరిగినోళ్లు ముందు! చుట్టు చుట్టుకీ వెలుగు నీరసిస్తుందని చెప్పలేదూ? పెదనాన్నగారి చెమట చూడు."

మూడో చుట్టు తర్వాత పెదనాన్నగారు విస్తరి ముందు కూలబడ్డారు. "తోట బాగుందండి. ఎన్నెకరాలేంటి?"

"అరెకరమండి" అన్నాడు నాన్న, నిజాయితీగా.

పెదనాన్నగారు పనసపొట్టు ముద్ద మింగి ఆలోచించారు. "అయితే ఆ వంకర కొబ్బరిచెట్టు... మూడూ ఒకటేనా?"

"ఆయ్" అన్నారు మాస్టారు.

పెదనాన్నగారు నవ్విన నవ్వుకు ఆవ ముక్కులోకెక్కి కళ్లనీళ్లు కారాయి. అక్క పెళ్లి జరిగింది. నాకు పాఠం కూడా అర్థమైంది.

ఇప్పుడు ఆ స్విచ్‌లు తయారుచేసే చోటే నా ఉద్యోగం. నిన్న ఓ స్విచ్ పరీక్ష పూర్తికాకముందే మా పై అధికారి కోపంతో ఊగిపోతూ వచ్చారు. నేను ఆగమని అనలేదు. "టీ తాగొద్దాం రండి" అని మేడంతా తిప్పాను. మూడో చుట్టులో ఆయన ఆగారు.

"ఈ పూలకుండీ ఇందాక చూశాం కదండీ?"

"ఆయ్" అన్నాను.