తరవాణి కుండ తోమేసిన పాపం

నా భార్య కొరాపుట్ ఆసుపత్రిలో పడుకున్న రోజుల్లో ప్రతి ఆదివారం రాయగడ నుంచి ఘాటీ రోడ్డు మీద నడిచి వెళ్లేవాణ్ణని మనవలకి చెబుతుంటాను. దారిలో పెద్దపులి ఎదురైతే గొడుగు విప్పి అదిలించానని కూడా చెబుతాను. నిజానికి బస్సులోనే వెళ్లేవాణ్ణి. బస్సు చెడిపోయిన రోజున ఓ మైలు నడిచానేమో. పులి సంగతంటారా, అది దూడ. గొడుగు మాత్రం నిజంగానే విప్పాను.

ఇవి చిన్న అబద్ధాలు. పెద్దది వేరే ఉంది.

అప్పట్లో రాయగడలో మిల్లు ఫిట్టర్ని. వానల్లో బావి దగ్గర జారిపడి ఆవిడ తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కాలెత్తి కట్టి, తాడుకి ఇటుకలు వేలాడదీసి, మూడు నెలలు కదలొద్దన్నారు. మా అత్త మంచం పక్కన చాప వేసుకుని ఉండిపోయింది. నాకు ఆదివారం ఒక్కటే సెలవు.

రెండో ఆదివారానికే మనిషి చిక్కి సగమైంది. రెండు ముద్దలకే మొహం తిప్పేస్తోందట. తిండి లేకపోతే ఎముక అతకదన్నారు డాక్టరు.

“ఏటి తింటావే?” అన్నాను.

“మన తరవాణి అన్నం తినాలనుంది మావా.”

మా పొయ్యి పక్కన తరవాణి కుండ ఉండేది. రోజూ వార్చిన గంజి అందులో పోస్తే పాత పులుపు కొత్త గంజిని పులియబెడుతుంది. ఆ నీళ్లలో నానిన అన్నమే మా పొద్దుటి తిండి. ఎంత వాడినా అడుగున కాస్త మిగల్చాలి. కాపురానికి వచ్చినప్పుడు ఆవిడ పుట్టింటి కుండలోంచి చెంబుడు పులుపు తెచ్చి మొదలుపెట్టింది.

“కుండ ఎలాగుంది?” అనడిగింది.

“నీకంటే నిక్షేపంగా ఉంది.”

కుండ ఉంది. లోపల ఏమీ లేదు. ఆవిడని ఆసుపత్రిలో చేర్చి వచ్చిన మర్నాడే, ఇల్లు అద్దంలా ఉంచానని చెప్పుకోవచ్చన్న ఉత్సాహంలో ఆ పుల్లకంపు పారబోసి, మిల్లులో మిషను తోమినట్టు బూడిదతో మూడుసార్లు తోమి బోర్లించాను.

పై ఆదివారం కొరాపుట్‌లో బస్సు దిగగానే సంతలో చోళ్లతో, అంటే రాగులతో, కాచిన అంబలి అమ్మే ముసలమ్మ దగ్గర కూర్చున్నాను. అంబలి మీద తేరిన పుల్లనీళ్లు అడిగి, ఇంటి దగ్గర వండి తెచ్చిన అన్నంలో కలిపాను. ఆసుపత్రిలో మా ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నావైపు కాసేపు చూసింది.

“ఇంటికెళ్లినట్టుంది మావా,” అంది. క్యారేజీ ఖాళీ చేసింది. మా అత్త అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఇక ప్రతి ఆదివారం అదే పని. నాకు పట్టపగ్గాలు లేవు. పులుపు చల్లబడకుండా కుండకి గోనెపట్టా చుట్టానన్నాను. దాంతో రోజూ కబుర్లు చెబుతున్నానన్నాను.

“నా గాజు తగిలి అంచు పెచ్చూడింది. అటేపు వొంచకు,” అనేది.

మిల్లు నుంచి వచ్చాక ఆ ఖాళీ కుండ ముందు కూర్చుని, పెచ్చూడిన చోటు వేలితో వెతుక్కునేవాణ్ణి.

చివరికి చేతికర్రతో లేచింది. ఇంటికి తీసుకొస్తుంటే బస్సు ప్రతి మలుపులోనూ చెప్పబోయి మానేశాను. లక్ష్మీపూర్‌లో టీకి ఆపినప్పుడు చెప్పేశాను.

“కుండ తోమేసినానే. నిన్ను సేర్పించిన మర్నాడే.”

ఆవిడ గ్లాసులోకి ఊదుకుంటూ, “మన తరవాణికి సోళ్ల వాసన ఎక్కణ్నుంచొస్తాది? మొదటి ముద్దకే తెలిసిపోయింది,” అంది.

“మరెందుకు తిన్నావే?”

“తినకపోతే పై ఆదివారం ఏ మొహం పెట్టుకొస్తావు? నువ్వు రాకపోతే వారమంతా నాను దేనికోసం ఎదురుసూడాల?”

టీ చల్లారిపోయింది. నేను తాగలేదు.

ఆవిడ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. అంచు పెచ్చూడిన కుండ నా దగ్గరే ఉంది. ఇందులోది ఆవిడ చేతి పులుపేననీ, ఒక్కరోజు కూడా ఆరనివ్వలేదనీ వచ్చినవాళ్లందరికీ చెబుతాను. ఆరింది. రెండుసార్లు. రెండుసార్లూ సంతకి వెళ్లి, అంబలి అమ్మేవాళ్ల దగ్గర పుల్లనీళ్లు తెచ్చి పోశాను.

పొరుగింటివాళ్లు గంజి పులుపు ఇస్తామన్నారు. వద్దన్నాను. దానికి చోళ్ల వాసన ఉండదు.