మా ఆయన నంబరుతో వచ్చిన కారు

మా ఆయన పోయిన మరుసటి ఏడు, మిల్లులో చెరకు క్రషింగు నడుస్తున్న రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం ఒక తెల్ల కారు మా ఇంటి ముందు ఆగింది. దాని నంబరు మా ఆయన కారు నంబరే. నేను పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. చేతిలో ఉన్న దుప్పటి ఆరేసి, క్లిప్పులు పెట్టి, అప్పుడు గేటు దగ్గరకు వెళ్ళాను. భయపడినట్టు గుర్తు లేదు. ఆ ఏడాదంతా ఏదీ నా మనసుకు తగిలేది కాదు.

ఆయన ఫిజీలో, మా బా పట్నంలోని రారవాయి చక్కెర మిల్లులో ఫిట్టరు. తవువా నుంచి వస్తూ, జోరువానలో, లైట్లు లేని చెరకు లారీని వెనక నుంచి గుద్ది చనిపోయారు. కారు పైకప్పు సీట్ల దాకా అణిగిపోయింది. నేను నా కళ్ళతో చూశాను. ఆ తుక్కును ఇన్సూరెన్సు వాళ్ళు తీసుకుపోయారు. వాళ్ళ దగ్గర ఎవరో పాత ఇనుము వ్యాపారి కొన్నాడని తర్వాత తెలిసింది.

కారులోంచి భార్యాభర్తలు దిగారు. ఇద్దరూ చిన్నవాళ్ళే. అతను వటుకౌలా బంగారు గనిలో పనిచేస్తాడట. ఆమె చంకలో పాప. మాట్లాడింది ఆమే, ఫిజీ హిందీలో.

"దీదీ, ఈ మోటర్ తుమ్హార్ రహా?"

అక్కా, ఈ కారు మీదేనా అని అడిగింది. నేను నంబరు వైపు చూస్తుంటే తనే వివరించింది. కారు తవువాలో ఒకతను అమ్ముతున్నాడు. నడిపి చూసుకోమని తాళాలిచ్చాడు. గని క్వార్టర్సులో వీళ్ళ పక్కింటివాళ్ళు ఇలాగే ఒక కారు కొంటే, అది దొంగ కారని పోలీసులు వచ్చి పట్టుకుపోయారట. అందుకని కొనేముందు పాత యజమానిని కళ్ళారా చూడాలని ఆమె పట్టుబట్టింది. రవాణా ఆఫీసులో అడిగితే మా ఆయన పేరూ, ఇంటి చిరునామా చెప్పారు. ఆయన ఇంట్లో ఉన్నారా అని అడిగింది.

"ఆయన లేరు. ఆ కారులోనే పోయారు" అన్నాను.

ఆమె పాపను రెండో చంకకు మార్చుకుంది. ఆమె భర్త కారు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు.

మాటలు విని మా అత్తమ్మ బయటికి వచ్చింది. మా ఇంట్లో తెలుగు ఆమెకే పూర్తిగా వచ్చు. నంబరు ఆమెకు చదవడం రాదు, కానీ అదే రంగు, అదే రకం. కారు చుట్టూ నిదానంగా తిరిగింది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

"ఇది వాడిది కాదు. వాడితోపాటే అదీ పోయింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను కారు ముందువైపు నంబరు ప్లేటు దగ్గర కూర్చుని చూశాను. మధ్యలో మడత పడి, సుత్తితో కొట్టి చదును చేసిన గుర్తులున్నాయి. అది మాదే. వెనకది కొత్తగా చేయించింది. ఆ కుర్రవాడు సీటు కింద కార్పెట్ ఎత్తి చూశాడు. ఇనుము మీద అచ్చువేసిన చాసీ నంబరును ఆకురాయితో అరగదీసి, మళ్ళీ వంకరగా కొట్టారు. దాన్ని వేలితో తడిమి, కార్పెట్ మళ్ళీ కప్పేశాడు.

కారు తిరిగి ఇచ్చేసి చేతులు దులుపుకుందామన్నాడు. అతని భార్య ఒప్పుకోలేదు. మనం కాకపోతే ఇంకొకళ్ళు కొంటారు, పోలీసులకు చెబుదాం అంది. నేను కూడా పోలీస్ స్టేషనుకే పొమ్మన్నాను. దొంగ కారులో మేం వెళితే మమ్మల్నే అనుమానిస్తారేమో, తోడు రండి దీదీ అని అడిగింది ఆమె. చెప్పులు వేసుకుని వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను.

మిల్లు పక్క నుంచే వెళ్ళాం. చెరకు లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ సీట్లో కూర్చుంటే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. బెల్టు బిగుతుగా ఉందని మాత్రం అనిపించింది.

బా పోలీస్ స్టేషనులో ఆఫీసరు మా మాటలన్నీ రాసుకున్నాడు. కారు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి ఎందుకు రాలేదని అడిగాడు. చెప్పాను. అతను పెన్ను కింద పెట్టి, కుర్చీ చూపించాడు. ఒక కానిస్టేబుల్ ప్లేట్లు రెండూ విప్పి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కేసు అయిపోయాక ముందు ప్లేటు మీకు కావాలా అని ఆఫీసరు అడిగాడు. వద్దన్నాను.

ఆ కారు లౌటోకాలో ఒక టీచరమ్మది. దానికి మా తుక్కు కారు నంబర్లు తగిలించారు. పెళ్ళికి వెళ్ళినప్పుడు హాలు బయట పోయిందట. ఆమెకు తిరిగి అందింది. అమ్మబోయినవాడు ఓడెక్కి వేరే దీవిలోని లబాసాకు పారిపోయి, అక్కడ దొరికాడు. నన్ను సాక్ష్యానికి పిలుస్తామన్నారు కానీ పిలవలేదు.

కొన్ని నెలలకు ఆ భార్యాభర్తలు ఆకుపచ్చ కారులో మళ్ళీ వచ్చారు. ఈసారి కొనేశారు. దాని పాత యజమాని ఇంట్లో భోజనం కూడా చేసి వచ్చామని ఆమె నవ్వుతూ చెప్పింది. అత్తమ్మ చీర మార్చుకుని వచ్చి, ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. మార్కెట్టుకు పోదాం, చేపలు కొనాలి అంది. పాపను ఆమె ఒళ్ళో పెట్టారు. నేను ఇంటికి తాళం వేసి ఆమె పక్కన కూర్చున్నాను.

దారిలో పాప నా వేలు పట్టుకుంది. అప్పుడు మాత్రం, నా కళ్ళు ఎవరికీ కనపడకుండా, కిటికీ వైపు తిరిగాను.