భుజం మీద బొటనవేలు

మంగళవారం. మబ్బు పట్టి ఉంది. పొద్దున్నే బట్టలు ఉతికి దండెం మీద ఆరేశాను. మా వీధి చివర మాంసం కొట్టు బాబాయ్ నిన్న తెల్లవారుజామున పోయాడు.

రోజూ రాసుకునే పుస్తకంలో అయితే ఇంతటితో ఆపేవాణ్ని. ఇది మీరు కూడా చదవాలని ఇంకా రాస్తున్నాను.

నరసరావుపేటలో ఒక షావుకారు దగ్గర గుమస్తాగా ముప్పై ఏళ్లుగా వంగి కూర్చుని లెక్కలు రాస్తున్నాను. మూడేళ్ల కిందట కుడి భుజం బిగుసుకుపోయింది. తల దువ్వుకోలేను, చొక్కా తొడుక్కోలేను. మాత్రలు మింగాను, గుంటూరు వెళ్లి ఇంజెక్షన్ కూడా వేయించుకున్నాను. చెయ్యి లేవలేదు.

ఒకరోజు కొట్టు ముందు నుంచి పోతుంటే బాబాయే పిలిచాడు.

"ఏంది అబ్బాయ్, రెక్క ఇరిగిన కోడిలాగా నడుస్తున్నావ్?"

మా ఇంట్లో మాంసం తినరు. ఆ మెట్టు ఎక్కడం అదే మొదటిసారి. ఆయన ఒక తునక తీసి, కండ మీద తెల్లగా అంటుకున్న పల్చటి పొర చూపించాడు. నేను మొహం తిప్పుకున్నాను.

"చూడు, భయమెందుకు? ఇది నీక్కూడా ఉంది. కండను గుడ్డలాగా చుట్టుకుని ఉంటది. కదలకుండా కూర్చుంటే బిగుసుద్ది. తొందరపడితే తెగుద్ది, ఆగితే వదులుద్ది."

ఆ పొరను ఫేషియా అంటారనీ, దాన్ని సడలించే వైద్యం ఒకటుందనీ తర్వాత ఫోన్‌లో చదివాను. బాబాయ్‌కి ఆ పేరు తెలీదు. చేతులకు తెలుసు.

మధ్యాహ్నం కొట్టు కట్టేశాక వెనక సందులోంచి వెళ్లేవాణ్ని. నులకమంచం మీద కూర్చోబెట్టి, నొప్పి ఉన్నచోట బొటనవేలు ఆనించి, రుద్దకుండా, నొక్కి అట్టే ఉంచేవాడు. కాసేపటికి లోపల ఏదో మెత్తబడేది. అప్పుడు చెయ్యి మెల్లగా ఎత్తించేవాడు. ఎముక విరిగినవాళ్లొస్తే మాత్రం ముట్టుకునేవాడు కాదు, ఆస్పత్రికి పొమ్మనేవాడు. మొదటి వారంలోనే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టింది. రెండు నెలలకు చెయ్యి తలదాకా లేచింది.

"ఎవురికీ చెప్పమాక బాబాయ్," అన్నాను ఒకరోజు.

"ఎవురికి చెబుతాను రా, మేకలకా?" అని నవ్వాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం టీ బంకు దగ్గర మా షావుకారు అడిగాడు. "చెయ్యి బాగా లేస్తందే! ఏ డాక్టరు?"

"గుంటూరు డాక్టరండీ. ఇంజెక్షన్ పనిచేసింది," అన్నాను.

వెనక్కి తిరిగితే బాబాయ్, టీ గ్లాసు పట్టుకుని. విన్నాడు.

"మంచి డాక్టరే," అన్నాడు. అంతే. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను సందులోకి వెళ్లలేదు. సాయంత్రం ఆయనే మా గేటు దగ్గరకొచ్చి, లోపలికి రాకుండా, "పొర ఇంకా కాస్త పట్టుకునే ఉంది. ఇంకో వారం రా," అన్నాడు. వెళ్లాను. వేలు అదే చోట, అంతే మెత్తగా ఆనింది. తప్పయింది బాబాయ్ అనే మాట గొంతుదాకా వచ్చి ఆగింది. అప్పట్నుంచీ అక్కడే ఉంది.

నిన్న సాయంత్రం బాబాయ్ శవాన్ని పెట్టిన జనాజా మా ఇంటి ముందు నుంచి వెళ్లింది. మనుషులు మారుతూ మోస్తున్నారు. ఆయన కొడుకు నన్ను చూసి పక్కకు జరిగాడు. జనాజా కింద కుడి భుజం పెట్టి మలుపుదాకా మోశాను. నొప్పి లేదు.

మలుపులో షావుకారు నిలబడి ఉన్నాడు. "ఏందయ్యా, నువ్వెందుకు మోశావ్?" అన్నాడు.

"వీధిలో మనిషి గదండీ," అన్నాను.

మళ్లీ అదే పని చేశాను. ఈసారి వినడానికి ఆయన లేడు.

పొద్దున తడి దుప్పటి దండెం మీదకి ఎత్తుతుంటే చెయ్యి తల దాటి సులువుగా లేచింది. అలాగే పైకి పట్టుకుని కాసేపు నిలబడ్డాను. బొటనవేలు ఆనించే ఆ చోటు వెచ్చగా ఉన్నట్టనిపించింది.

చినుకులు మొదలయ్యాయి. దుప్పటి ఇంకా దండెం మీదే ఉంది. షావుకారు కొట్టు తెరిచే వేళయింది. ముందు ఆయన దగ్గరికెళ్లి, నా చెయ్యి బాగు చేసింది మాంసం కొట్టు బాబాయేనని చెప్పాలి.