శాంపిల్ పట్టుకెళ్ళి కొన్న గ్రాఫిక్స్ కార్డు

ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కౌంటర్ వెనక నిలబడి ఇరవై ఆరేళ్ళయింది నాకు. మా దగ్గర ఒకటే పద్ధతి. పార్టు పేరు చెప్పి అడిగినవాణ్ణి వెనక్కి పంపేస్తాం. పాడైన ముక్క విప్పి తెచ్చుకో, పక్కన పెట్టి చూసి ఇస్తాం అంటాం. పేరు నమ్మి సరుకిస్తే సాయంత్రానికల్లా తిట్టుకుంటూ తిరిగొస్తారు. అలాంటి నేను కంప్యూటర్ ముక్క ఒకటి కొనబోయి బోల్తాపడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

భవానీపురంలో మా ఇంట్లోనే మా అమ్మాయి కంప్యూటర్ మీద ఏదో పని చేసుకుంటుంది. ఒక శుక్రవారం పొద్దున అందులో గ్రాఫిక్స్ కార్డు పోయింది. తెరమీద బొమ్మల్ని తయారుచేసే ముక్క అది. సోమవారానికల్లా ఒక బిల్డరుగారికి పని అప్పజెప్పాలి. తనకు సొంతంగా వచ్చిన మొదటి పని. ఆలస్యమైతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆయన ముందే చెప్పాడట. అమ్మాయి కంగారుపడుతూ ఏ కార్డు కొనాలో నాకు వివరించడం మొదలెట్టింది. నా తలనొప్పి కూడా అక్కడే మొదలైంది.

ఆ కార్డులకి పేర్లు పెట్టినవాణ్ణి ఒక్క పూట తెచ్చి మా కౌంటర్ దగ్గర నిలబెట్టాలి. నాలుగంకెల నంబరు. నంబరు పెద్దదైతే సరుకు మంచిదనుకుంటాం కదా, కాదట. ముందు రెండంకెలు అది ఏ తరానిదో, వెనక రెండు ఆ తరంలో దాని స్థాయెంతో చెబుతాయట. అందుకని కొత్త తరంలో చిన్నది, పాత తరంలో పెద్దదాని ముందు చతికిలబడొచ్చు. నంబరు చివర రెండక్షరాలు తగిలిస్తే అది వేరే కార్డు. అదే నంబరు ల్యాప్‌టాప్‌లో ఉంటే దాని బలం ఇంకోలా ఉంటుంది. అన్నిటికన్నా ఘోరం ఒకటుంది. నంబరూ అక్షరాలూ అన్నీ కలిసి, మెమరీ మాత్రం తక్కువుంటే, తగ్గింది మెమరీ ఒక్కటే అనుకోకూడదట. లోపలి చిప్పుకి కూడా కోత పెట్టి ఉండొచ్చట. మరి ఒకే పేరెందుకు పెట్టారే అని అమ్మాయి మీద అరిచాను, ఆ పేరు తనే పెట్టినట్టు. కవలపిల్లలకైనా ఇంటిపేరు ఒకటుంటుంది గానీ వాళ్ళ పేర్లు వేరువేరుగా పెడతారు కదా.

తను కూడా వస్తానంది, వినలేదు. నేను చూసుకుంటాలే అని, తను స్నానానికి వెళ్ళినప్పుడు కంప్యూటర్ డబ్బా విప్పి పాత కార్డు ఊడదీశాను. గుడ్డలో చుట్టి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని కంప్యూటర్ షాపుకి వెళ్ళి, మా పద్ధతి ప్రకారం శాంపిల్ కౌంటర్ మీద పెట్టాను. షాపాయన ఇంచుమించు నా ఈడువాడే. ఒకటి రెండు ప్రశ్నలడిగి, కొత్త పెట్టె ఒకటి తెచ్చాడు. నంబరు కలిసింది. సీలు తీయించి రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను. మరలు బిగించే చోటు కలిసింది, లోపల గుచ్చే పళ్ళు కలిశాయి. కొత్తది కాస్త పొట్టిగా ఉంటే ఈకాలం సరుకు ఇంతేలే అనుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మాయి పెట్టె మీద చూసింది ఒకటే, మెమరీ ఎంతో. పాతదానికి ఎనిమిది జీబీ, దీనికి ఆరు. ముఖం వాడిపోయింది. అయినా బిగించి చూసింది. బిల్డరుగారి పని ఫైలు సగం తెరుచుకుని ఆగిపోయింది. రెండోసారీ అంతే. నంబరు ఒకటేగా అని నేను వాదించాను. పేరు గొప్ప ఊరు దిబ్బ అని, కార్డునీ చేసినవాణ్ణీ అమ్మినవాణ్ణీ వరసబెట్టి తిట్టాను. అమ్మాయి గోడ గడియారం చూస్తూ కూర్చుంది.

ఇద్దరం మళ్ళీ షాపుకెళ్ళాం. దారి పొడుగునా ఆయన్ని ఏమని కడిగెయ్యాలో అనుకుంటూనే బండి నడిపాను. లోపల అడుగుపెడుతూనే మోసం చేశారని గొంతు పెంచాను. ఆయన తొణకలేదు.

"సార్, దేనికి వాడతారని మిమ్మల్ని అడిగానండీ. ఇంట్లో పిల్ల గేమ్స్ ఆడుకుంటుందని మీరే చెప్పారు. దానికైతే ఇది చాలునండీ."

నిజమే, చెప్పాను. తన గది ముందునుంచి వెళ్తూ ఎప్పుడు తొంగిచూసినా తెరమీద మనుషుల్లేని ఇల్లు ఉండేది. తలుపు తెరుచుకునేది, హాల్లోంచి వంటింట్లోకి ఎవరో నడిచినట్టు బొమ్మ కదిలేది. అదేదో ఆట అనుకున్నాను. బిల్డరుగారి పనంటే ఏవో లెక్కలు టైపు చేయడం, బొమ్మల కార్డు ఆ ఆటకే అనుకున్నాను.

అమ్మాయి నావైపు తిరిగింది. కోపంగా ఉన్నా బాగుండేది.

"రెండేళ్ళ నుంచి నేను ఆడుకుంటున్నాననుకున్నావా నాన్నా?"

శాంపిల్ తెచ్చిన డ్రైవరుని కూడా నీ బండి ఇసుక తోలుతుందా, ధాన్యం తోలుతుందా అని అడక్కుండా నేను ముక్క చేతికివ్వను. కన్నకూతుర్ని అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

షాపాయన మంచివాడు. సీలు తీసిన పెట్టె వెనక్కి తీసుకుంటానని, పెద్ద మెమరీది గోడౌన్ నుంచి తెప్పిస్తానని ఒప్పుకున్నాడు. ఇంతకీ ఏం పని చేస్తారమ్మా అని ఈసారి తననే అడిగాడు. ఇంకా పునాదైనా పడని ఫ్లాట్లలో, కొనేవాళ్ళు తెరమీదే గదిగదీ తిరిగి చూసుకునేట్టు ఎలా తయారుచేస్తుందో అమ్మాయి చెప్పింది. ఏ కిటికీలోంచి ఏ వేళకి ఎండ పడుతుందో కూడా తనే చూసుకోవాలట. సగం నాకు అర్థం కాలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, నోరెత్తకుండా చివరిదాకా విన్నాను.