పాత రికార్డులూ రెండు మగ్గాలూ

"కళ్ళు మూసుకుంటే డెబ్బైల్లో ఇంగ్లండులో కూర్చున్నట్టుంది మేడమ్," అన్నాడాయన.

విశాఖపట్నంలో ఒక హాలు వెనక గది. మేము ముగ్గురం ఇరవై రెండు నిమిషాల పాట ఒకటి వాయించి, చెమటలు కారుతుండగా అప్పుడే స్టేజీ దిగి వచ్చాం. ఆయన ఆ కార్యక్రమం ఏర్పాటు చేసిన మనిషి. మంచి మనసుతోనే అన్నాడు. మా బావ మొహం వెలిగిపోయింది. డ్రమ్ములు వాయించే తమ్ముడు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు మాత్రం ఆయన చేతిలోని టీ కప్పు లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది.

కొట్టలేదు. "థాంక్యూ సార్," అన్నాను. ఆ థాంక్యూ గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను శ్రీకాకుళంలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. ఆదివారాలు కీబోర్డు వాయిస్తాను. గిటారు వాయించే బావ మా మేనమామ కొడుకు. కలెక్టరాఫీసు చుట్టుపక్కలే ఏదో ఒక ఆఫీసులో ఫైళ్ళు చూస్తాడు. డ్రమ్ములు వాయించేవాడిది నెల్లిమర్ల. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. అంతకు మించి చుట్టరికం లేదు.

మేము వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు, పొట్టిగా ప్రోగ్. ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు. దరువు నాలుగులో నడవదు, ఏడులోకీ పదకొండులోకీ వెళ్ళిపోతుంది. ఒక పాటలోనే నాలుగైదు పాటలంత సంగతులుంటాయి. యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో కొందరు కుర్రాళ్ళు మొదలుపెట్టారు. అప్పటిదాకా ఎవరూ వినని పాట వాయించారు కాబట్టి ఆ పేరొచ్చింది. ముందుకు పోయేది అని.

నాకది ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు అంటుకుంది. హాస్టల్లో ఒక సీనియర్ అక్క దగ్గర హార్డ్ డిస్కు నిండా ఆ పాత రికార్డులుండేవి. పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో, రెండోది నా చెవిలో పెట్టింది. నేను వేళ్ళ మీద దరువు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తప్పింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాను. మళ్ళీ తప్పింది. సాయంత్రం మెస్సు గంట కొట్టేదాకా ఆ ఒక్క పాటే విన్నాం. అంత సంతోషం నాకు జీవితంలో ఎక్కువసార్లు దొరకలేదు. అందుకని ఆ రికార్డుల మీద నాకేమీ కోపం లేదు. ఇది ముందే చెప్పాలి.

కోపమంతా మా మీద. ఆ పాటల్ని బావకి పట్టించిందీ నేనే. వాడు ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కో గిటారు వరసనీ అక్షరం పొల్లు పోకుండా నేర్చుకున్నాడు. అక్కడితో ఆగలేదు. ఆ రోజుల్లో ఒక కీబోర్డు ఉండేది, మీట నొక్కితే లోపల టేపు తిరిగి వయొలిన్ల గుంపులా మోగేది. ఆ శబ్దం సంపాదించి నా లాప్‌టాప్‌లో పెట్టాడు. మా మావ ధాన్యం గోడౌను మీది గదిలో మా ప్రాక్టీసు. శబ్దం బయటికి పోకుండా గోడలకి ధాన్యం బస్తాలు పేర్చుకున్నాం. ఒంటికి దురద, మీటల సందుల్లో ఊక. అలాంటి గదిలో కూర్చుని ఒకరోజు మా కొత్త రికార్డింగు వినిపించాడు. వెనకాల చిటపటమని ఏదో వినిపిస్తోంది.

"ఏటి బావా ఆ సప్పుడు?"

"నానే కలిపేను. పాత రికార్డు మీద ముల్లు తిరిగితే అలాగే వస్తాది. దానివల్లే ఆ అందం."

"ఏ రికార్డు మీద దుమ్ము ఇది? మనిళ్ళలో రికార్డు ప్లేయర్ ఏనాడైనా ఉన్నాదా? ఊకతో కీబోర్డు సచ్చిపోతంటే దాని సప్పుడు పెట్టవు గాని, ఎవుడింట్లోదో దుమ్ము తెచ్చి పెడతావా?"

"నీకు రుసి తెల్దు," అన్నాడు వాడు. చిటపట అలాగే ఉంచాడు. విశాఖలో వాయించింది ఆ పాటే.

దానికి కొన్ని నెలల ముందు ఇంకో సంగతి జరిగింది. ప్రాక్టీసులో టీ తాగుతూండగా తమ్ముడు ఊరికే కూర్చోలేక డ్రమ్ముల మీద ఏదో వాయిస్తున్నాడు. కుడి చెయ్యి ఐదులో తిరుగుతోంది, ఎడమ చెయ్యి ఏడులో. రెండూ విడిపోయి, దూరమైపోయి, ముప్పై ఐదు దెబ్బలకోసారి మళ్ళీ ఒకచోట పడుతున్నాయి. నా చేతిలో టీ చల్లారిపోయింది.

"ఎక్కడ విన్నావురా ఇది?"

"వినడమేటక్కా. మా నాన్న జూట్ మిల్లులో మగ్గం నడిపేవోడు కదా. సిన్నప్పుడు కేరేజీ అట్టుకెళ్ళి షెడ్డు బయట నిల్సునేవోణ్ణి. పక్కపక్కన రెండు మగ్గాలు నడుస్తంటే ఇలాగే ఇనిపిస్తాది. ఒకటి తొరగా, ఒకటి నెమ్మదిగా. ఎప్పుడు కలుస్తాయా అని సూసేవోణ్ణి."

రాక్ సంగీతం వాయించడం మొదలుపెట్టిన ఇన్నేళ్ళలో వాడా మాట ఎన్నడూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని తోచలేదట. ఆ వారమంతా కాలేజీలో పాఠం చెబుతూ కూడా బల్ల మీద ఐదూ ఏడూ కొట్టుకున్నాను. తర్వాతి ఆదివారానికి ఆ దరువు మీద ఒక రాగం కట్టుకుని వెళ్ళాను. నెల రోజుల్లో పదిహేను నిమిషాల పాట తయారైంది. బావ వాయించాడు గాని, మొహం చిట్లించుకునే వాయించాడు.

"ఇది ప్రోగ్ కాదే. ఆళ్ళు ఇలాగ సెయ్యనేదు."

"ఆళ్ళు ఎవుర్ని సూసి సేసేరు బావా?"

వాడు గిటారు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. విశాఖకి ఏ పాట తీసుకెళ్ళాలన్నప్పుడు వాడూ తమ్ముడూ ఒకటై పాతకాలపు పాటే అన్నారు. "అక్కడోళ్ళకి ఎరికైనది ముందు ఇనిపిద్దామక్కా, తరవాత ఇది," అన్నాడు తమ్ముడు, తన సొంత నాన్న మగ్గాన్ని పక్కన పెట్టేస్తూ. ఇద్దరి మీదా పళ్ళు నూరుకున్నాను.

విశాఖ నుంచి వచ్చిన వారానికి ఆ నిర్వాహకుడు ఫోను చేశాడు. దేశంలో ఇలాంటి బృందాల పాటలన్నీ కలిపి ఒక సంకలనం తెస్తున్నారట. మాది కావాలన్నాడు. నేను మగ్గాల పాట పంపాను. రెండు రోజులకి మళ్ళీ ఫోను.

"బానే ఉంది మేడమ్, కానీ ఇందులో ప్రోగ్ ఎక్కడుంది? ఆ స్ట్రింగ్స్ సౌండ్ లేదు, ఆర్గాన్ లేదు. మన స్టైల్‌కి దూరంగా ఉంది."

"మన స్టైల్ అంటే ఎవరిది సార్?"

నవ్వాడు. "పోనీ లోకల్‌గా చెయ్యాలనుకుంటే పూర్తిగా చెయ్యండి. మీ వైపు జముకు వాయించేవాళ్ళుంటారుగా, ఒకర్ని పెట్టండి. పంచెలు, తలపాగాలు కట్టించండి. బయటి దేశాలవాళ్ళకి కూడా బాగా నచ్చుతుంది."

జముకు వాయించేవాళ్ళని నేనెరుగుదును. తీగ లాగి, కుండలోంచి మనిషి ఏడ్చినట్టు శబ్దం తెప్పిస్తారు. వాళ్ళు రాత్రంతా కథ చెప్పగల కళాకారులు. ఈయనకి వాళ్ళు నా పాటకి చుట్టే తలపాగా. అంటే మాకు రెండే దారులు. ఇంగ్లండువాళ్ళ తాతల్లా కనబడాలి, లేదంటే మా తాతల్లా వేషం కట్టాలి. నెల్లిమర్లలో ఫోన్లు బాగుచేసుకుంటూ, శ్రీకాకుళంలో ఫిజిక్స్ చెప్పుకుంటూ, ఈ ఏడాది బతికి ఉన్న మనుషుల్లా వాయించడానికి మాత్రం వీల్లేదు. ఫోనులోనే అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. "మీరు సంగీతం వినడం లేదు సార్, తెలిసినదాన్ని గుర్తుపడుతున్నారంతే," అన్నట్టు గుర్తు. స్టాఫ్ రూములో మాథ్స్ మేడమ్ పుస్తకం మూసి నన్నే చూస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం గోడౌను గదిలో జరిగిందంతా వాళ్ళిద్దరికీ చెప్పాను. చెప్పినకొద్దీ కోపం పెరిగింది. బావ మీదికి మళ్ళించాను. నువ్వొక జెరాక్స్ మిషనువి అన్నాను. వాడి మొహం మాడిపోయింది. అప్పుడు తమ్ముడు తల వంచుకుని అన్నాడు.

"అక్కా, కోపం సేసుకోకు. మగ్గాల మీద నువ్వు వాయిస్తావు సూడు, ఆ రాగం. అది కూడా పాతదే."

"ఏటన్నావు?"

వాడు ఫోను తీసి ఒక పాట పెట్టాడు. హాస్టల్ అక్క హార్డ్ డిస్కులోదే. పదకొండో నిమిషం దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ పెట్టాడు. ఎనిమిది స్వరాలు. ఒక్కటి కూడా తేడా లేదు. నేను మెల్లగా వాయిస్తాను, వాళ్ళు జోరుగా వాయించారు, అంతే.

"ఎప్పటినుంచి ఎరుకరా నీకు?"

"మొదట్రోజు నుంచి. నీకు తెలిసే పెట్టేవనుకున్నాను."

బావ నవ్వితే ఆ క్షణాన కీబోర్డు ఎత్తి కింద పడేసేదాన్ని. నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. నేను బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయాను. మూడు ఆదివారాలు వెళ్ళలేదు. ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఇంట్లో కూర్చుని కొత్త రాగం కట్టాలని చూశాను. వేళ్ళు ఎటు పోయినా అక్కడికే పోతున్నాయి. ఒకటి కట్టి, వెతికి, అదెక్కడిదో పట్టుకుని, తీసేసేదాన్ని. ఇంత ప్రేమగా విన్నందుకు నాకు పడిన శిక్షా ఇది అని ఏడుపొచ్చింది. నా తిట్లన్నీ తిన్న బావ కనీసం తను ఎవరి పాట వాయిస్తున్నాడో తెలిసి వాయించాడు. నాకు అదీ తెలియదు.

నాలుగో ఆదివారం తమ్ముడు ఇంటికొచ్చాడు. "మా నాన్న ఇంటానంటన్నాడు. రా," అన్నాడు. కీబోర్డు పట్టుకుని బస్సులో నెల్లిమర్ల వెళ్ళాం. బావ అప్పటికే అక్కడున్నాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు.

తమ్ముడి నాన్నకి మిల్లు పని మానేసి చాలా ఏళ్ళయింది. వయసుతో చెవి మందగించింది. వరండాలో తమ్ముడు డ్రమ్ములు పెట్టి వాయిస్తుంటే, ఆయన పెద్ద డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అయిదారు నిమిషాలు అలాగే ఉన్నాడు. తర్వాత చెయ్యి తీసేశాడు.

"బాగున్నాది. కానీ ఇది మగ్గం కాదమ్మా."

"ఏం బాబాయ్?"

"మగ్గం ఆగుతాది. పోగు తెగిపోద్ది, ఆపుతాం, ముడేస్తాం, మళ్ళీ నడుపుతాం. మీది ఆగదేటి? ఆగకుండా నడిసే మగ్గాన్ని నానెప్పుడూ సూడనేదు."

మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "పోగు ఎప్పుడు తెగుతాది మావా?" అని అడిగింది బావే.

"అది నీకు సెప్పి తెగుతాదా?" అన్నాడాయన.

ఆ మధ్యాహ్నమే వరండాలో నా రాగం మొత్తం తీసేశాం. డ్రమ్ముల మీద మగ్గాలు నడుస్తుంటాయి. ముగ్గురిలో ఎవరైనా, ఎప్పుడైనా, చెప్పకుండా చెయ్యెత్తితే అంతా ఆగాలి. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మిగతా ఇద్దరిలో ఒకరు ఏదో రెండు మూడు స్వరాలు వేసి పాటని ముడెయ్యాలి, అప్పుడు మళ్ళీ నడవాలి. ముందుగా అనుకోవడానికి వీల్లేదు కాబట్టి వేళ్ళకి పాత దారి పట్టేంత వ్యవధి ఉండదు. కొన్నిసార్లు ఘోరంగా వచ్చింది. బావ ఒకసారి వేసిన ముడి ఎంత వికారంగా ఉందంటే వాడే పకపకా నవ్వాడు. వాడి గిటారులోంచి అంతకు ముందు నేనెన్నడూ వినని శబ్దం అది. జెరాక్స్ అన్నందుకు క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు. బస్సులో పక్క సీటులో కూర్చున్నాను, అంతే.

రెండు నెలల తర్వాత శ్రీకాకుళంలో ఒక చిన్న హాల్లో, ఆదివారం పొద్దున్న, ఆ పాట వాయించాం. యాభై మంది కూడా లేరు. మొదటిసారి ఆగినప్పుడు వెనక నుంచి ఎవరో "కరెంటు పోనాదేటి?" అని అరిచారు. అందరూ నవ్వారు. రెండోసారి ఆగేసరికి ఒక వరస వరసంతా లేచి టీకి వెళ్ళిపోయింది. తమ్ముడి నాన్న రెండో వరసలో కూర్చున్నాడు. మూడోసారి ఆగగానే ఆయన కుర్చీలోంచి సగం లేచి, చెయ్యి ముందుకు చాపి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆ ముడి నా వంతుకొచ్చింది. ఏవో స్వరాలు పడ్డాయి, మగ్గాలు నడిచాయి.

అయ్యాక నా కాలేజీ సహోద్యోగి ఒకాయన వచ్చి, "మధ్యలో మూడు నాలుగు చోట్ల తప్పినట్టున్నారు, ఇంకొంచెం ప్రాక్టీసు చెయ్యాలి," అన్నాడు. నేను ఆయనకి థాంక్యూ చెప్పలేదు.

సంకలనం మాత్రం బయటికొచ్చింది. అందులో మా పాతకాలపు పాటే ఉంది, చిటపటతో సహా. నేను వద్దన్నాను, ఇద్దరూ కావాలన్నారు, ఇద్దరి మాట నెగ్గింది. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఇప్పటికీ మెసేజీలొస్తాయి. అసలు సిసలైన ఆ కాలపు సంగీతమట. మగ్గాల పాట గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నిర్వాహకుడు రెండో సంకలనానికి కూడా అలాంటిదే అడిగాడు. నేను చెయ్యనన్నాను. బావ చేస్తున్నాడు. విజయనగరంలో ఇంకెవరో కీబోర్డు మనిషిని చూసుకున్నాడట, శనివారాలు అక్కడికి వెళ్తాడు. ఈ సంగతి నాకు తమ్ముడు చెప్పాడు. బావ చెప్పలేదు.

ఆదివారం మాత్రం టంచనుగా పది గంటలకి గోడౌను మెట్లెక్కి వస్తాడు. గిటారు శ్రుతి చేసుకుంటాడు. నేను శనివారం గురించి అడగను. దరువు మొదలయ్యాక, వాడికి ముడెయ్యడానికి అస్సలు వీలుకాని చోట చూసి చెయ్యెత్తుతాను.