బస్సులో తొక్కిన బూటు

మా అమ్మకు నెల్లూరు బస్సంటే ప్రయాణం కాదు, పరిచయాల సంత. తోటపల్లి గూడూరులో బస్సెక్కిందంటే, పక్కన కూర్చున్న మనిషిది ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఇప్పుడు పోతున్నది ఆస్పత్రికా కోర్టుకా, ఇవన్నీ నెల్లూరు వచ్చేలోగా తేలిపోవాలి. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఆయనకు ఇది నామోషీగా ఉండేది.

"ఊరోళ్ళ సంగతులన్నీ నీకెందుకే?" అనేవాడు.

"పక్కన మనిషుంటే పలకరించకుండా కూర్చోడానికి నేనేమన్నా ధాన్యం మూటనా?" అనేది అమ్మ.

ఈ తగాదాలో నేను ఎప్పుడూ అమ్మ పక్షమే. అయితే ఆ పక్షం పట్టినందుకు ఒక పొద్దున ఎంత భయపడ్డానో అమ్మకు కూడా చెప్పలేదు.

అరవైల మొదట్లో నేను నెల్లూరులో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతుండేదాన్ని. ఉపాధ్యాయ శిక్షణ కోసం మిషన్ వాళ్ళు నన్ను ఒక సంవత్సరం ఇంగ్లండు పంపారు. ఖర్చంతా వాళ్ళదే. షరతు మాత్రం ఒకటుంది. నా నడవడిక మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా చదువు అక్కడితో సరి, తిరుగు ఓడ ఎక్కాల్సిందే. నాకు ముందు వెళ్ళినావిడను అలాగే వెనక్కి పిలిపించారు. ఆవిడ ఏం తప్పు చేసిందో పైవాళ్ళు చెప్పలేదు కాబట్టి ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి అంటగట్టారు. ఆవిడ మళ్ళీ ఏ బడి గడపా తొక్కలేదు. ఎప్పుడైనా బజారులో కనబడితే తల దించుకుని పక్క సందులోకి తిరిగిపోయేది. ఓడలో ఉన్నన్నాళ్ళూ నాకు ఆ సందే కళ్ళముందు ఆడింది.

బయలుదేరేముందు ఒక కాగితం చేతిలో పెట్టారు. బస్సుల్లో, రైళ్ళలో కొత్తవాళ్ళను పలకరించరాదు. వయసు అడగరాదు. జీతం అడగరాదు. పెళ్ళి సంగతి ఎత్తరాదు. ఇన్ని తీసేశాక మనిషిని అడగడానికి మిగిలిందేమిటంటే వాన. వానను గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చట. నేను బుద్ధిగా మూడు నెలలు వానను గురించే మాట్లాడాను. ఇలా ఇంకో నెల గడిస్తే నాకు పిచ్చెక్కుతుందని తెలిసిపోయింది.

నేను ఉన్నది ఆ దేశానికి ఉత్తరాన ఒక రేవు ఊరు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, ఊరి చివర బడికి పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి పోయేదాన్ని. అదే బస్సులో కిటికీ పక్కన ఒక లావుపాటి ఆవిడ కూర్చునేది. యాభై ఏళ్ళుంటాయి. రేవులో చేపలు కోసి ఉప్పులో వేసే పని. రెండు చేతుల వేళ్ళకూ గుడ్డపీలికలు చుట్టుకుని ఉండేది. మా ఊళ్ళో ఉప్పుచేప చేసే ఆడవాళ్ళూ కత్తిగాట్లకు ఉప్పు తగలకుండా అలాగే చుట్టుకుంటారు. ఒకరోజు నేను ఆ చేతులను మరీ ఎక్కువసేపు చూసినట్టున్నాను.

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. కానీ అది పుస్తకాల ఇంగ్లీషు కాదు. నా చెవికి అది అచ్చం మా సముద్రపు వైపు మాటలాగే వినబడేది, కనుక మా మాటలోనే రాస్తాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆ బస్సెక్కి వినిరావచ్చు.

"ఏమ్మే, నా చేతులకేసి అట్టా చూస్తుండావేంది?"

"ఉప్పు మంటకు ఏం రాస్తారా అని."

"ఉప్పు మంట సంగతి నీకేం తెలుసు?"

"మాదీ సముద్రం పక్క ఊరే. మేం చేపకు ఉప్పు పట్టించి ఇసకలో ఎండబెడతాం."

ఆవిడ బస్సంతా దద్దరిల్లేలా నవ్వింది. "ఇన్నారా? ఈ పిల్ల ఊళ్ళో చేపల్ని ఎండలో ఆరేస్తారంట! మన ఎండకి గుడ్డలే ఆరి చావవు!"

ముందు సీట్లో పైపు పట్టుకుని కూర్చునే ముసలాయన వెనక్కి తిరిగి, "కాకులు ఎత్తకపోవా?" అని అడిగాడు. ఎత్తుకుపోతాయి, కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటాం అన్నాను. ఆయనకు అది ఎంత నచ్చిందంటే, మర్నాటి నుంచి నన్ను చూడగానే "ఇయ్యాల కాకులెన్ని?" అని అడిగేవాడు.

ఆ తర్వాత కాగితం నీళ్ళలో కలిసింది. జనవరి అయ్యేసరికి ఆవిడ జీతం, పిల్లల వయసులు, పెద్దకొడుకు మొండితనం అన్నీ నాకు తెలుసు. మొగుడు ఇంకో రేవుకు పోయి మళ్ళీ రాలేదని తెలిసినప్పుడు, "ఎందుకు పోయాడు?" అని అడిగేశాను. చుట్టుపక్కల వాళ్ళు ఊపిరి బిగబట్టారు.

"ఇన్నేళ్ళుగా అందరూ ఈపు ఎనకనే అనుకున్నారు. మొహాన అడిగిందానివి నువ్వే," అని ఆవిడ ఆ కథంతా చెప్పింది. చివర, "నీకు పెళ్ళెందుకు కాలా?" అంది.

"నోరు మంచిది కాదని."

"అది నాకు మొదటి రోజే తెలిసింది."

ఇక ఆ పొద్దున సంగతి. ఫిబ్రవరి, బయట మంచు. చలికి చీర కింద రెండు జతల మేజోళ్ళు వేసుకుని, అవి పట్టాలని రెండు సైజులు పెద్దవైన బూట్లు కొనుక్కున్నాను. వాటితో నడుస్తుంటే నా కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో నాకే తెలిసేది కాదు. ఆవిడ ఎప్పటిలాగే తన పక్క సీటు మీద సంచి పెట్టి నాకోసం ఆపింది. నేను అటు పోతుండగా బస్సు కుదిపింది. దారి పక్క సీట్లో ఒక పెద్దమనిషి, నల్ల ఓవర్‌కోటు వేసుకుని కాలు కాస్త బయటికి చాపుకుని ఉన్నాడు. ఆయన బూటును నా బూటు గట్టిగా తొక్కింది.

మన కాలు ఎవరికైనా తగిలితే ఏం చేస్తాం? ఆలోచిస్తామా? చెయ్యి దానంతట అదే పోతుంది. దేవుడికి తప్ప ఎవరికీ వంగరాదని నాన్న ఎన్ని ఆదివారాలు చెప్పినా, మా ఇంట్లో కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవడం ఆగలేదు. మతం మారుతుంది గానీ చెయ్యి మారదు. నేను చటుక్కున వంగి, ఆయన బూటును తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. ఆయన తేలు కుట్టినట్టు కాలు వెనక్కి లాక్కున్నాడు. నేను క్షమించమని చెప్పి, వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను.

కండక్టరు టిక్కెట్ల కోసం వచ్చాడు. ఓవర్‌కోటాయన జేబులో చెయ్యి పెట్టాడు. తీసి, రెండో జేబులో పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"నా పర్సు పోయింది." తర్వాత నావైపు చూశాడు. "ఆ అమ్మాయి నా మీదికి వంగింది."

కండక్టరు డ్రైవరుకు గంట కొట్టి బస్సు ఆపించాడు. జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీశాడు. పుస్తకంలో పేరు ఎక్కితే పోలీసు. పోలీసంటే ఫిర్యాదు. ఫిర్యాదంటే ఓడ, ఓడ దిగితే బజారు పక్కన ఆ సందు.

"అలా ఎందుకు వంగావు?" అన్నాడు కండక్టరు.

"కాలు తగిలింది. మా దేశంలో కాలు తగిలితే తాకి దణ్ణం పెట్టుకుంటాం."

నా చెవికే అది అబద్ధంలా వినిపించింది. నెల్లూరులో పసిపిల్లకు కూడా చెప్పక్కర్లేని సంగతి, అక్కడ ఇంగ్లీషులో చెబుతుంటే దొంగ అప్పటికప్పుడు అల్లిన కథలా ఉంది.

"సంచి తెరిచి చూపించు. ఏమీ లేకపోతే అయిపోతుందిగా."

బుద్ధి ఉన్నవాళ్ళు తెరిచి చూపించేవాళ్ళు. నా సంచిలో పాఠం కాగితాలు, ఒక రొట్టె ముక్క తప్ప ఏమీ లేవు. కానీ నాకు ఒళ్ళు మండింది.

"చూపించను. మీరు ఎవరి సంచీ అడగలేదు. నాదే ఎందుకు అడుగుతున్నారు?"

"అయితే పోలీసును పిలవాల్సి వస్తుంది."

"పిలవండి," అన్నాను. నేను ఆవిడవైపు తిరిగాను. ఇన్ని వారాలు పక్కన కూర్చుని నవ్విన మనిషి, ఒక్క మాట అంటే చాలు. ఆవిడ కిటికీ మీది తేమను గుడ్డ చుట్టిన వేళ్ళతో తుడిచి, బయటికి చూస్తూ కూర్చుంది. బయట గోదాము గోడ తప్ప ఏమీ లేదు. ముసలాయన పైపు నోట్లోంచి తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. కండక్టరు పెన్సిలు పుస్తకం మీద ఆనించాడు.

"పేరు?"

నేను నోరు విప్పబోయాను.

"ముందు నాది చూడు," అంది ఆవిడ. లేచి, తన సంచి ఎత్తి కండక్టరు ముందు బోర్లించింది. పాత ఏప్రను, కత్తి, కాగితంలో చుట్టిన చేపలు నాలుగు కిందపడ్డాయి. కంపు గుప్పుమంది. "చూసినావా? ఇప్పుడు ఆ ముసిలాయన జేబులు చూడు. తర్వాత ఆ ఎనకుండే టోపీ ఆమెది. అందరివీ చూడు. ఆమాటకొస్తే ఆ కోటాయనవీ చూడు. ఈ పిల్లదొక్కటే చూస్తావంటే మాత్రం ఒప్పుకునేది లేదు."

ముసలాయన జేబుల గుడ్డ బయటికి లాగి చూపించాడు. టోపీ ఆమె గొణుక్కుంటూనే తన సంచి తెరిచింది. అప్పుడు నేనూ తెరిచాను. నా రొట్టె ముక్కను చూసి ఎవరో కిసుక్కున నవ్వారు.

కండక్టరు ఓవర్‌కోటాయన వైపు తిరిగాడు. "మీరు కూడా, సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. కోటు విప్పి దులిపాడు. కింది అంచులో బరువుగా ఏదో ఊగింది. జేబు గుడ్డ చిరిగి, పర్సు లోపలికి జారి, లైనింగులో అడుగున కూర్చుని ఉంది.

"క్షమించు," అన్నాడాయన కండక్టరుతో.

"ఆ మాట ఇటు తిరిగి అనండి," అన్నాను నేను.

ఆయన నావైపు తిరిగి, నా బూట్లకేసి చూస్తూ అన్నాడు. తర్వాతి స్టాపులో దిగిపోయాడు. కండక్టరు ఏమీ రాయకుండానే పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

నేను కిందికి వంగి ఆవిడ చేపలు ఏరి ఇచ్చాను. ఆవిడ వాటిని కాగితంలో చుట్టుకుంటుంటే అడిగాను. అడగకుండా ఉండటం నావల్ల కాదు.

"అంతసేపు కిటికీలోకి ఎందుకు చూశారు?"

ఆవిడ కాగితం రెండు మడతలు వేసింది.

"నువ్వు తీసినావేమో అనుకున్నా."

నాకు చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇన్ని వారాల మాటలు, ఆవిడ మొగుడి కథ, మా ఊరి ఎండ, అన్నీ కలిసి ఇంతేనా అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకూడదని మరింత కోపంగా అడిగాను.

"మరి సంచి ఎందుకు బోర్లించారు?"

"తీసినా తీయకపోయినా, నిన్నొక్కదాన్నే ఎతకటం నాకు నచ్చలా," అంది ఆవిడ. "జరుగు, జరిగి కూర్చో. నీ బూటు నా కాలి మీద పెట్టినావు."

నేను చూసుకున్నాను. నిజమే, తొక్కే ఉన్నాను. చెయ్యి అప్పటికే సగం దూరం కిందికి పోయింది. ఆవిడ తటాలున దాన్ని పట్టుకుని ఆపేసి, నా స్టాపు వచ్చేదాకా వదల్లేదు.