మంచం కింద గాలి దారి

ఇది ఇన్నాళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటాక, సాయంత్రాలు మా వీధి ఆడవాళ్లతో కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్న తర్వాత కూడా రెండేళ్లు రాయలేదు. అప్పుడు అడ్డం వచ్చింది సిగ్గు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు మీద మా కొట్టు. బండ్ల సీట్లు కుడతాను. పక్క షెడ్డులో మెకానిక్ ఇంజన్ల పని చేస్తాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. సీటు కొలతలు చీటీ మీద రాసిస్తే నేను తలూపి జాకెట్లో పెట్టుకునేదాన్ని. తర్వాత చాయ్ బండి ఆమె దగ్గరికి వెళ్లి, "కండ్లద్దాలు ఇంట్ల మరిచిన, జర సదువు" అనేదాన్ని. నాకసలు కళ్లద్దాలే లేవు. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఏడేళ్లు అలాగే గడిచింది.

ఒక ఎండాకాలం మొదట్లో నాగారం నుంచి ఒక సారు పాతకాలపు వ్యాను తెచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వ్యాను లోపల మంచం, చిన్న పొయ్యి, మడత బల్ల ఉన్నాయి. ఇంజన్ వెనక, మంచం కింద. అది ఎప్పుడో పాడైపోయింది. దాన్ని తీసేసి మా మెకానిక్ ఒక కారు ఇంజన్ ఎక్కించాడు. పాతది ఉత్త గాలికే చల్లబడేది. కొత్తదానికి నీళ్లు, రేడియేటరు కావాలి. రేడియేటరును కూడా మంచం కిందే బిగించి, గాలి రావడానికి రేకు కోసి జానెడు జాలీ పెట్టాడు. ఇంజన్ మోత, వేడి మనుషుల దాకా రాకుండా ఆ మంచం పెట్టె లోపల స్పాంజి, రెక్సిన్ అతికించడం నా పని.

"అక్కా, పైపు క్లిప్పులకు మేడ్చల్ పోయొస్త. రేకు మీద రాసిన, సూస్కొని అతికియ్యి" అన్నాడు.

"సరే, సూస్త" అన్నాను.

చూశాను. నల్ల మార్కరుతో మూడు మాటలు. కాగితమైతే చాయ్ బండి దాకా తీసుకెళ్లేదాన్ని. రేకును ఎలా తీసుకెళ్లను? ఆమెనే పిలుచుకొద్దామంటే షెడ్డు నిండా మగవాళ్లు. కొలతలే రాసి ఉంటాడు, కొలతలు నా జానకు తెలుసు అనుకున్నాను. సందు కనిపిస్తే దుమ్ము వస్తుంది, మోత వస్తుంది, మూసెయ్యాలి. నా చేతికి అలవాటైన పని అది. అక్షరాల మీద, జాలీ మీద జిగురు పూసి ఒక్క ముడత లేకుండా అతికించాను. పైన పలకలు వేసి పరుపు పరిచాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, శామీర్‌పేట చెరువు దాకా నడిపి చూద్దామని సారు, ఆయన భార్య, మెకానిక్, నేను ఎక్కాం. చెరువు ఇంకా రాకముందే ఆవిడ మంచం మీంచి లేచి నిలబడింది.

"ఏవండీ, ఇది పరుపా, ఇడ్లీ పాత్రా? కింద ఉడికిపోతోంది."

"కారప్పొడి తేవాల్సింది" అని సారు నవ్వాడు. అంతలో వేడి చూపే ముల్లు ఎరుపులోకి వెళ్లింది. వెనక నుంచి ఆవిరి లేచింది.

రోడ్డు పక్కన ఆపారు. కరీంనగర్ బస్సులు మా మీదికి దుమ్ము కొట్టుకుంటూ పోతున్నాయి. ఇంజన్ చల్లారేదాకా ఆగి మెకానిక్ వెనక తలుపు తెరిచి నీళ్లు చూశాడు, పైపుల్లో గాలి చిక్కిందేమోనని తీశాడు, ఫ్యాను చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు నా వైపు తిరిగాడు.

"అక్కా, రేకు మీద రాసిన గదా. జాలీ ఇడిసిపెట్టినవా?"

ఆ మూడు మాటలు ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. సారు నన్నే చూస్తున్నాడు, ఆవిడా చూస్తోంది.

"ఇడిసిపెట్టిన తమ్మీ" అన్నాను.

నమ్మాడు. పరుపు ఎత్తి కూడా చూడలేదు. ఎత్తితే నన్ను అనుమానించినట్టు అవుతుందనుకున్నాడేమో.

"గట్లయితే నా లెక్కనే తప్పింది సార్. గీ ఇంజనుకు గా రేడియేటర్ సాలుతలేదు."

"ఆ ముక్క ఎక్కించక ముందు తెలియాలి కదయ్యా" అన్నాడు సారు. "మా కాలనీలో ఇంకో ఇద్దరు నీ దగ్గరికే వద్దామనుకుంటున్నారు. వాళ్లకి ఏం చెప్పమంటావ్? రేపు పొద్దున వచ్చి బండి తీసుకుపోతాను. వేరేచోట చూపించుకుంటాను."

ఆగి ఆగి, నీళ్లు పోసుకుంటూ బండిని షెడ్డుకు తెచ్చాం. దారి పొడుగునా మెకానిక్ శుభ్రంగా ఉన్న చేతులనే గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. చెప్పడానికి నాకు అంత దారి దొరికింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే కత్తి తీసుకుని షెడ్డుకు వెళ్లాను. ఒప్పుకోవడానికి వెళ్లలేదు. ఎవరూ రాకముందే జాలీ మీది రెక్సిన్ గుట్టుగా కోసేసి, ఏమీ ఎరగనట్టు కొట్లో కూర్చుందామని వెళ్లాను. తాళం వెయ్యని వ్యానులోకి ఎక్కి పరుపు లేపి పలకలు తీశానో లేదో సారు ఆటో దిగాడు. వెనకే మెకానిక్ వచ్చాడు. తల వంచుకుని తాళం చెవి సారు చేతిలో పెట్టి, "మాఫ్ చెయ్యుండ్రి సార్" అన్నాడు.

"తప్పు ఆయనది కాదు సార్" అన్నాను వ్యాను లోపలి నుంచే. "జాలీ నేనే మూసిన. నిన్న అబద్ధం జెప్పిన."

మెకానిక్‌కు అర్థం కాలేదు. "రాసిన గదక్కా."

"నాకు సదువు రాదు తమ్మీ."

"మరి గిన్నేండ్ల సంది ఇచ్చిన చీటీలు?"

"చాయ్ బండామె సదువుతది."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వాళ్లిద్దరూ చూస్తుండగా రెక్సిన్ కోసి స్పాంజి పీకాను. దాంతోపాటు అక్షరాలు సగం ఊడి వచ్చాయి. మిగిలినవాటి కింద వేలు పెట్టి ఏం రాశావని అడిగాను.

"జాలీ మూయకు అక్కా" అని చదివాడు.

సారు తాళం చెవి మళ్లీ అతని చేతిలో పెట్టాడు. నేను కొట్లోంచి సూది, దారం తెచ్చుకుని, జాలీ చుట్టూ రెక్సిన్ అంచు లోపలికి మడిచి కుట్టాను.